మంచుగచ్చుపై ముష్టియుద్ధము: కళాశాల హాకీలో ఒక నిషేధ చరిత్ర

బోస్టన్ నగరమందలి టీడీ గార్డెన్ అను క్రీడామందిరమున ఒకే మంచుగచ్చుపై, ఒకే ఆట రెండు ధర్మములకు లోబడి జరుగుచుండును. బ్రూయిన్స్ అను వృత్తి జట్టు ఆడు రాత్రి ఇద్దరు ఆటగాండ్రు గ్లౌజులు విసరివైచి, ఒకరి చొక్కా నొకరు పట్టుకొని పిడికిళ్ళతో మోదుకొన్నచో, రిఫరీ వారిని పెనాల్టీ బాక్సులో అయిదు నిమిషములు కూర్చుండబెట్టి మరల ఆటలోనికి విడుచును. ఫిబ్రవరి మాసపు మొదటి రెండు సోమవారములలో బోస్టన్ విశ్వవిద్యాలయము, బోస్టన్ కాలేజి, హార్వర్డ్, నార్త్‌ఈస్టర్న్ అను నాలుగు విద్యాసంస్థలు 1952 నుండి నడచుచున్న బీన్‌పాట్ పోటీకై అచ్చటనే తలపడునప్పుడు, అదే పని చేసిన విద్యార్థి ఆ ఆటనుండి వెడలిపోవుటయే గాక తరువాతి ఆటకును దూరమగును. రెండవసారి చేసినచో రెండు ఆటలకు, మూడవసారి చేసినచో మూడు ఆటలకు దూరమగును. ఆడువారిలో పలువురు నేడు విద్యార్థులై రేపు వృత్తి ఆటగాండ్రగువారే. ఐనను నియమము మాత్రము ఇట్లు రెండు పాయలుగా చీలియున్నది. కళాశాల ఆటలో గూడ వృత్తి లీగులందువలె పిడికిళ్ళకు చోటీయవలెనని వాదించువారు అమెరికాలోను కెనడాలోను నేటికిని కలరు. వారి వాదమును నేను వినకయే త్రోసిపుచ్చుటలేదు; కాని ఈ ఆట చరిత్ర తెలిసినకొలది ఆ వాదము నాకు నిలువజాలనిదిగా కనబడుచున్నది.

హాకీ యనగానే మనకు ధ్యాన్‌చంద్ పేరును, పచ్చిక మైదానమును స్ఫురించును. ఇది వేరు. ఇందు ఆటగాండ్రు ఉక్కుబద్దలు దిగవేసిన బూట్లు తొడిగి, చుట్టును గోడ కట్టిన మంచుపై మహావేగముతో జారుచు, పక్ అను గట్టి రబ్బరు బిళ్ళను కర్రలతో నడుపుదురు. దేహముతో దేహమును ఢీకొని పక్కును విడిపించుకొనుట నియమసమ్మతమే. మిన్నెసోటా, మిషిగన్, మసాచుసెట్స్ రాష్ట్రములకు చదువుకొనబోయిన మన తెలుగు పిల్లలు ఈ ఆటను మొదటిసారి చూచినప్పుడు ఎంతవరకు ఆటయో, ఎచ్చట కొట్లాట మొదలైనదో పోల్చుకొనలేక విస్తుపోవుట సహజము. భుజముతో త్రోయుట ఆటలోనిది; పిడికిలి ఎత్తుట ఆటలోనిది కాదని ప్రతి నియమగ్రంథమును, వృత్తి లీగుల గ్రంథముతో సహా, చెప్పుచునే యున్నది. తేడా యంతయు శిక్షలోనే యున్నది.

ఈ ఆట పుట్టుకలోనే విద్యార్థులును కలరు, కలహమును కలదు. 1875 మార్చి 3వ తేదీన మాంట్రియల్ నగరమున విక్టోరియా స్కేటింగ్ రింకులో, హాలిఫాక్స్ నుండి వచ్చిన జేమ్స్ క్రైటన్ అను నతడు పక్షమునకు తొమ్మండుగురు చొప్పున జట్లు కూర్చి, ఇంటికప్పు క్రింద తొలి క్రమబద్ధమైన పోటీ ఆడించెను. బంతి ఎగిరి ప్రేక్షకులకు తగులునేమోయని దానికి బదులు చదునైన గుండ్రని కొయ్యబిళ్ళను వాడిరి. ఆడినవారిలో పెక్కురు మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు సంబంధించినవారు. ఆ రాత్రి ఆటగాండ్రకును స్కేటింగు క్లబ్బువారికిని కలహము రేగి, బెంచీలు విరిగినవనియు, చూడవచ్చిన స్త్రీలు కలవరపడి వెడలిపోయిరనియు నాటి పత్రికలు వ్రాసినవి. పోరాటము ఈ ఆటకు సహజాతమని చెప్పువారు ఈ వృత్తాంతమునే మొదట ఎత్తుకొందురు. కాని పుట్టినరోజున దెబ్బలాట జరిగినంత మాత్రమున ఆ దెబ్బలాట కులధర్మము కాజాలదు. ఆనాటి కలహము ఆటలోని పోటీ వలన గాక మంచును ఎవరు వాడుకొనవలెనను తగవు వలన పుట్టినదని గూడ మనము గుర్తుంచుకొనవలెను.

తరువాతి మూడు దశాబ్దములలో ఆట కెనడా యంతట వ్యాపించెను. దానితోపాటు రక్తమును చిందెను. 1905లో ఒంటారియో రాష్ట్రపు మాక్స్‌విల్ గ్రామమున ఆల్సీడ్ లారిన్ అను యువకుడు ఎదిరి జట్టువాడైన అలెన్ లోనీ కొట్టిన దెబ్బకు మంచుపై పడి మరణించెను. లోనీపై హత్యాభియోగము మోపి, పిదప దానిని తగ్గించి విచారించిరి. జ్యూరీ యతనిని విడిచిపుచ్చెను. రెండేండ్లకు, 1907లో, కార్న్‌వాల్ పట్టణమున బడ్ మెకోర్ట్ అను ఆటగాడు కర్రదెబ్బకు చనిపోయెను. ఈసారియు, ప్రాణము తీసిన దెబ్బ ఎవరిదో తేలలేదని, నిందితుడైన చార్లెస్ మాసన్‌ను విడిచిరి. ఆటలో దెబ్బ తగులుట ఆటగాడు ఒప్పుకొన్నదే యను భావము న్యాయస్థానములలో అప్పటికే వేళ్ళూనుచుండెను.

సరిగా ఆ 1905వ సంవత్సరముననే, సరిహద్దుకు దక్షిణమున అమెరికా కళాశాలలు మరియొక ఆట విషయమై ఇట్టి ప్రశ్ననే ఎదుర్కొనెను. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో విద్యార్థులు వరుసగా చనిపోవుచుండగా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధమునకు పిలిపించి, ఆటను చక్కదిద్దుకొనుడని హెచ్చరించెను. ఆ కదలిక ఫలితముగా 1906లో ఏర్పడిన సంఘమే 1910 నుండి ఎన్‌సీఏఏ అను పేర ప్రసిద్ధమైన జాతీయ కళాశాల క్రీడాసంఘము. అనగా విద్యార్థుల ఆట విద్యాసంస్థల బాధ్యతయనియు, మృత్యువు మైదానములోనికి వచ్చినప్పుడు నియమమును మార్చుట పెద్దల విధియనియు నిర్ణయమైన తరువాతనే ఆ సంఘము పుట్టినది. కెనడా న్యాయస్థానములు ఆటగాని సమ్మతిని తలచుచుండగా అమెరికా కళాశాలలు ఉపాధ్యాయుని బాధ్యతను తలచినవి. నేటి రెండు నియమముల భేదమునకు మూలము ఇచ్చటనే యున్నదని నా తలపు.

కళాశాల హాకీ అప్పటికి శైశవమున నుండెను. 1898లో బోస్టన్ ఫ్రాంక్లిన్ పార్కులో హార్వర్డ్, బ్రౌన్ విద్యార్థులు ఆడిన పోటీ ఆ దేశపు కళాశాల హాకీకి ఆదిఘట్టములలో నొకటి. పదునైదేండ్లు గడవకముందే ఆ ఆటకు ఒక ఆదర్శపురుషుడు లభించెను. 1914లో ప్రిన్స్‌టన్ పట్టభద్రుడైన హోబీ బేకర్ అసమానమైన వేగముగలవాడు. ఎదిరి జట్లు అతనిని ఆపుటకు కర్రలతో కాళ్ళపై కొట్టుచున్నను తిరిగి చేయి యెత్తనివాడు. ప్రతి ఆట ముగియగానే ఎదిరివారి గదికి పోయి కరచాలనము చేసి కృతజ్ఞత తెలుపువాడు. ధనమిచ్చి పిలిచిన వృత్తి జట్లను కాదన్నవాడు. మొదటి ప్రపంచయుద్ధమున వైమానికుడై పోరాడి, యుద్ధము ముగిసిన పిదప 1918 డిసెంబరులో ఫ్రాన్సు దేశమున విమానము కూలి మరణించెను. 1981 నుండి కళాశాల హాకీలో ఉత్తమ ఆటగానికిచ్చు పురస్కారము అతని పేరుతోనే యున్నది. ఈతడు పిరికివాడని ఎవ్వరును అనజాలరు గదా! మగతనము పిడికిలిలో నున్నదను వాదమునకు ఆ యువకుని జీవితమే సమాధానము.

ఇక వృత్తి హాకీ కథ. 1917లో ఏర్పడిన ఎన్‌హెచ్‌ఎల్, అనగా జాతీయ హాకీ లీగు, 1922లో తన నియమగ్రంథమున 56వ సంఖ్యగా ఒక నియమమును చేర్చి, పిడికిళ్ళతో పోరాడినవానికి బహిష్కారము గాక అయిదు నిమిషముల శిక్ష చాలునని నిర్ణయించెను. ఈ ఒక్క వాక్యమే తరువాతి వందేండ్ల చరిత్రను నిర్ణయించినది. అప్పటికి ప్రతి జట్టునందు ఆటగాండ్రు కొద్దిమందియే. ఒకని వెడలగొట్టినచో ఆట చప్పబడును. కొద్ది యేండ్లలోనే బోస్టన్, న్యూయార్కు నగరములకు వ్యాపించిన లీగునకు ఆట తెలియని క్రొత్త ప్రేక్షకులను రప్పించుకొనవలసిన అవసరమును గలిగెను. పోరాటము మంచు స్వభావము వలన గాని, కర్ర స్వభావము వలన గాని నిలువలేదు. ఒక సమితి చేసిన ఒక నియమము వలన నిలిచినది. అదే మంచుపై అదే కర్రతో ఆడు ఒలింపిక్స్ హాకీలోను, 1908లో ప్యారిస్‌లో వెలసిన అంతర్జాతీయ సంఘపు పోటీలలోను ముష్టియుద్ధము చేసినవాడు వెడలిపోవలసినదే.

అయిదు నిమిషముల వెల ఎంత చౌకయో కాలము చూపినది. 1933 డిసెంబరు 12న బోస్టన్ గార్డెన్‌లో బోస్టన్ జట్టువాడైన ఎడ్డీ షోర్ వెనుకనుండి త్రోయగా టొరాంటో ఆటగాడు ఏస్ బెయిలీ తల పగిలి, ప్రాణము దక్కినను మరల ఆడలేకపోయెను. అతని సహాయార్థము 1934 ఫిబ్రవరిలో జరిగిన పోటీయే తారల పోటీలకు నాంది యయ్యెను. 1955లో మాంట్రియల్ జట్టు ఆటగాడు మోరిస్ రిచర్డ్ బోస్టన్‌లో జరిగిన ఆటలో అధికారిపై చేయి చేసికొని ఋతువు ముగియువరకు బహిష్కృతుడు కాగా, మార్చి 17న మాంట్రియల్ వీధులు అల్లర్లతో నిండినవి. ఆ అల్లర్ల వెనుక కెనడాలోని ఫ్రెంచివారి చిరకాలపు అవమానభావము గూడ నున్నది. దానిని కేవలము హాకీ ఖాతాలో వ్రాయుట అన్యాయము. 1974లోను 1975లోను ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ జట్టు భయపెట్టుటయే వ్యూహముగా వృత్తి లీగు విజేతకిచ్చు స్టాన్లీ కప్పు గెలిచెను; ఆ జట్టు ఆటగాడు డేవ్ షుల్ట్స్ 1974–75 ఋతువున 472 నిమిషముల శిక్ష ననుభవించెను. ఒక ఆట నిడివి అరువది నిమిషములు! అప్పటినుండి కొట్టుటకే జీతమిచ్చి పెట్టుకొను ఆటగాడు ప్రతి జట్టునందును ఒక ఉద్యోగి యయ్యెను.

దీనికి భిన్నముగా నడచిన ఒక మహానుభావుని గూర్చి ఇచ్చట కొంచెము నిలిచి చెప్పవలెను. ఫాదర్ డేవిడ్ బవర్ కాథలిక్ మతాచార్యుడు. అన్న బాబీ బవర్ బోస్టన్ వృత్తి జట్టున ప్రసిద్ధుడు. టొరాంటోలోని సెయింట్ మైకేల్స్ కాలేజి జట్టునకు శిక్షకుడై 1961లో అతడు జూనియర్ జట్ల పోటీయైన మెమోరియల్ కప్పు గెలిపించెను. గెలిచిన వెంటనే ఆ విద్యాలయము జూనియర్ లీగునుండి వైదొలగెను. చదువునకు ఆట ఆటంకము కారాదనియు, వృత్తి జట్లకు పిల్లలను మేపి పంపుట విద్యాలయముల పని కాదనియు నమ్మిన బవర్, వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున విద్యార్థులను చేర్చి, 1964 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌నకు కెనడా జాతీయ జట్టును నిర్మించెను. స్వీడన్‌తో జరిగిన ఆటలో కార్ల్ గోరన్ ఓబెర్గ్ అను స్వీడన్ ఆటగాని చేతినుండి వచ్చిన కర్ర బెంచీ యొద్దనున్న బవర్ తలకు తగిలి రక్తము కారెను. ప్రతీకారమునకై లేచిన తన శిష్యులను ఆయన కదలనీయలేదు. కెనడా ఆ ఆట 3–1 తేడాతో గెలిచెను. మరునాడు ఆయన ఓబెర్గ్‌ను పిలిపించి, తన ప్రక్క కూర్చుండబెట్టుకొని వేరొక ఆటను ఇద్దరును కలిసి చూచిరి. కెనడాకు నాలుగవ స్థానమే దక్కినది. బవర్‌కు మాత్రము ప్రత్యేక స్వర్ణపతకమిచ్చిరి. వృత్తి లీగుల అభిమానులు దీనిని దుర్బలతగా ఎంచినచో ఎంచనిండు. విద్యార్థికి ఆట నేర్పువాడు ఎట్లుండవలెనని ఎవరైన నన్నడిగినచో నేను ఈ సంఘటననే చెప్పుదును.

కళాశాలలు మచ్చలేనివని నేననుట లేదు. 1976లో డెన్వర్ నగరమున జాతీయ పోటీ సెమీఫైనలులో బోస్టన్ విశ్వవిద్యాలయమునకును మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకును ఆట మొదలై రెండు నిమిషములైన గడవకమునుపే కలహము చెలరేగి, బెంచీలు ఖాళీయై, ఉభయ జట్లవారును మంచుపై కలియబడిరి. బోస్టన్ జట్టులో ముఖ్యుడైన టెర్రీ మీగర్ బహిష్కృతుడయ్యెను. మిన్నెసోటా 4–2 తేడాతో గెలిచి, ఆపై ఛాంపియన్‌షిప్ సాధించెను. నాటి మిన్నెసోటా శిక్షకుడు హెర్బ్ బ్రూక్స్. నాలుగేండ్ల తరువాత లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టును ఓడించి ప్రపంచమును విస్మయపరచిన అమెరికా విద్యార్థి జట్టును నడిపినవాడును అతడే; ఆ జట్టునకు నాయకుడైన మైక్ ఎరుజియోనీ బోస్టన్ విశ్వవిద్యాలయమువాడు. ఒకప్పుడు కొట్టుకొన్న రెండు విద్యాలయములవారు ఒక్క జట్టై గెలిచిన ఆ ఆట, పిడికిలి యెత్తకుండ వేగముతోను కూర్పుతోను గెలిచిన ఆట.

ఇప్పుడు ప్రతివాదుల మాట. పోరాటము ఒక ఆవిరిగొట్టము వంటిదనియు, లోపలి కోపము పిడికిళ్ళ ద్వారా వెడలిపోకున్నచో కర్రల ద్వారా వెడలి మరింత హాని చేయుననియు వారందురు. కోర్నెల్ విశ్వవిద్యాలయమునకు 1967లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిపించి, తరువాత మాంట్రియల్ జట్టు గోల్‌కీపరుగా అఖండఖ్యాతి గడించిన కెన్ డ్రైడెన్, 1983లో ప్రచురించిన తన గ్రంథమున ఈ వాదమును పరీక్షించి త్రోసిపుచ్చెను: హింస లోపల నిండి పొంగునది కాదనియు, చూచి నేర్చుకొనునదనియు, నేర్చినకొలది పెరుగుననియు అతని అభిప్రాయము. దానికి తొమ్మిదేండ్ల ముందే, 1974లో, ఒంటారియో ప్రభుత్వము కొరకు విలియం మెక్‌మర్ట్రీ సమర్పించిన నివేదిక కుర్రవాండ్ర హాకీలోని హింసకు వృత్తి లీగుల అనుకరణయే ముఖ్యకారణమని తేల్చియుండెను. ఆతని సోదరుడు రాయ్ మెక్‌మర్ట్రీ ఆ రాష్ట్ర అటార్నీ జనరలై వృత్తి ఆటగాండ్రపై క్రిమినల్ అభియోగములు మోపెను.

రెండవ వాదము ఇంతకంటె బలమైనది. చిన్నవాడును నేర్పరియునైన ఆటగానిని ఎదిరివారు అన్యాయముగా కొట్టినప్పుడు రిఫరీ చూడకపోవచ్చును. అప్పుడు తోటివాడు అడ్డు నిలిచి దోషిని శిక్షించుట న్యాయమేనని వారందురు. గదాయుద్ధమున నాభికి దిగువ కొట్టరాదను నియమమును భీముడు మీరగా బలరాముడు హలమెత్తి ఆగ్రహించినప్పుడు, కృష్ణుడు దుర్యోధనుని పూర్వాపరాధములను జ్ఞాపకము చేసి ఆయనను శాంతపరచవలసివచ్చెను. రాజ్యములు కూలిన యుద్ధమున ఆ సమాధానము చెల్లినను చెల్లవచ్చును. ఇరువదేండ్ల విద్యార్థి చేతికి, సెమిస్టరు పరీక్షల నడుమ ఆడు ఆటలో, ధర్మదండము నప్పగించుట చెల్లదు. రిఫరీ చూడకపోయినచో రిఫరీల సంఖ్య పెంచవలెను, చిత్రములు చూచి మరునాడు శిక్షింపవలెను. ఈ రెండును నేడు సాధ్యములే.

ఈ వాదమునకు కళాశాల ఆటలో మరియొక ముడి కలదు. 1980 ప్రాంతమునుండి విద్యార్థి ఆటగాండ్రు ముఖమంతయు కప్పు జాలీ ధరింపవలెనను నియమమున్నది. దాని వలన కండ్లును దంతములును దక్కినవి; కాని ముఖము భద్రమైనదను ధైర్యముతో కర్రలు భుజములకు పైకి లేచుచున్నవనియు, జాలీ తీసివేసి సగము అద్దము చాలుననుడనియు శిక్షకులు కొందరు చాలకాలముగా కోరుచున్నారు. ఈ ఫిర్యాదులో సత్యము లేకపోలేదు. ఐతే కర్రదోషమునకు మందు కర్రదోషమునకు శిక్ష పెంచుటయే. దానికై పిడికిళ్ళను పిలువనక్కరలేదు.

ప్రేక్షకులు తగ్గుదురను మూడవ వాదమును గూర్చి పెక్కు మాటలనవసరము. 2010 డిసెంబరులో మిషిగన్ ఫుట్‌బాల్ స్టేడియమున మంచు పరచి మిషిగన్, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయములు ఆడిన ఆటకు లక్షా నాలుగువేల మందికి పైగా వచ్చిరని గిన్నిస్ వారు ధ్రువీకరించిరి. వారిలో ఒక్కడును ముష్టియుద్ధము చూచుటకు వచ్చియుండడు. అచ్చట అది దొరకదని అందరికిని తెలియును.

మరణముల మాట చెప్పకుండ దాటిపోవుటకు మనసొప్పదు. డెన్వర్ విశ్వవిద్యాలయమునకు 1960లోను 1961లోను జాతీయ ఛాంపియన్‌షిప్పులు తెచ్చిపెట్టిన బిల్ మాస్టర్‌టన్, వృత్తి ఆటలోనికి పోయి 1968 జనవరిలో హెల్మెట్ లేని తల మంచుకు తగిలి మరణించెను. అది పోరాటము కాదు, ఆటలోని తాకిడియే. కాని మంచుకు తల తగిలినచో ఏమగునో అందరికిని తెలిసినది. నలువదేండ్ల తరువాత, 2008 డిసెంబరులో, టొరాంటోలోని యార్క్ విశ్వవిద్యాలయ విద్యార్థి డాన్ శాండర్సన్, విట్బీ పట్టణపు సీనియర్ జట్టు తరపున ఆడుచు ఒక పోరాటమున హెల్మెట్ ఊడి, వెనుకకు పడి, స్పృహ తప్పి, మూడు వారములకు, 2009 జనవరి 2న కన్నుమూసెను. వయస్సు ఇరువదియొక్కటి. విశ్వవిద్యాలయపు ఆటలో నిషిద్ధమైనది ఆ సీనియర్ లీగులో అయిదు నిమిషముల విషయము. 2011లో న్యూయార్కు రేంజర్స్ జట్టువాడైన డెరెక్ బుగార్డ్ మద్యమును నొప్పిమాత్రలును కలిసి వికటించి ఇరువదియెనిమిదేండ్లకే మరణింపగా, బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అతని మెదడును పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బల వలన కలుగు సీటీఈ అను క్షీణవ్యాధి ముదిరియుండెనని కనుగొనిరి. పదునారేండ్ల ప్రాయమునుండి జూనియర్ లీగులలో కొట్టుటయే అతనికి పైకెక్కు నిచ్చెన యయ్యెను. అట్టి నిచ్చెన కళాశాలలలో లేదు. అది లేకున్నను నేడు జాతీయ హాకీ లీగు ఆటగాండ్రలో దాదాపు మూడవవంతు కళాశాలలనుండియే వచ్చుచున్నారు.

ఇటీవల ప్రశ్న మరల రేగుటకు కారణము వేరు. కెనడా మేజర్ జూనియర్ లీగులలో ఆడినవారు వేతనజీవులతో సమానులని చాలకాలము కళాశాలల ద్వారములు వారికి మూసియుండెను. 2024 నవంబరులో ఎన్‌సీఏఏ చేసిన నిర్ణయము వలన 2025 ఆగస్టు 1 నుండి వారికి ప్రవేశము కలిగినది. పోరాడి అయిదు నిమిషములు కూర్చుండి లేచి వచ్చుటకు అలవాటుపడిన యువకులు పెక్కుమంది వచ్చుచున్నందున నియమమును సడలింపవలెనని కొన్ని గొంతులు వినబడుచున్నవి. ఐతే ఆ లీగులు నిలిచినచోట నిలిచియుండలేదు. ఒంటారియో లీగు ఒక ఋతువున ఒక్కొక్కడు చేయదగిన పోరాటములకు 2012లో పది యని పరిమితి పెట్టి, పిదప దానిని మూడునకు దించెను. క్వెబెక్ లీగు, ప్రభుత్వము పట్టుబట్టగా, 2023–24 ఋతువునుండి పోరాడినవానిని ఆటనుండి వెడలగొట్టుచున్నది. కెనడా జూనియర్ ఆటయే కళాశాలల నియమమువైపు నడచివచ్చుచున్న ఈ సమయమున కళాశాలలు ఎదురునడువవలసిన పని లేదు. క్వెబెక్‌నుండి వచ్చిన కుర్రవానికి ఈ నియమము అప్పుడే పరిచితము. ఒంటారియోనుండియు పశ్చిమ రాష్ట్రములనుండియు వచ్చినవానికి శిక్షకుడు మొదటి అభ్యాసదినముననే దానిని చదివి వినిపించినచో చాలును.